ముందు చూపు, తర్వాత చెయ్యి

తిరుమల కొండ దిగే కార్లకు ఒక నియమం ఉంది. పైన టోల్‌గేటు దగ్గర చీటీ మీద టైము వేసి ఇస్తారు. కింద అలిపిరి చేరేసరికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. ఎక్కేటప్పుడైతే 28. అంతకన్నా ముందే చేరితే దూకుడుగా నడిపినట్టు లెక్క, జరిమానా కట్టాలి. అందుకే చివరి మలుపులు దాటాక రోడ్డు వారన బండి ఆపుకుని టైము కోసం కాచుకునే డ్రైవర్లు కనబడుతుంటారు.

మా మేనమామ అంబాసిడర్ టాక్సీ నడిపిన రోజుల్లో చేతికి వాచీ కట్టేవాడు కాదు. డాష్‌బోర్డులో స్టీరింగు పక్కన ఒక గుండ్రటి గడియారం ఉండేది. మద్రాసు పుదుపేటలో, పాత కార్ల సామాన్ల అంగళ్ళ మధ్య వెతికి తెచ్చి పెట్టించుకున్న స్మిత్స్ గడియారం అది. "వాచీ అయితే చెయ్యి తిప్పి చూడాల. ఇదైతే కన్ను తిప్పితే చాలు" అనేవాడు. కారు అమ్మేసే ముందు దాన్ని ఊడదీసి, కండువాలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రే దానికి బ్యాటరీ తగిలించాను. కదల్లేదు. చెడిపోయిందనుకున్నాను. వంటింటి కత్తి మొనతో ముందు రింగు పైకి లేపి, వెనక డబ్బా ఊడదీసి, లోపలి చక్రాన్ని శ్రావణంతో కదిపి చూశాను. తలవెంట్రుక కన్నా సన్నగా చుట్టలు చుట్టుకుని ఉండే హెయిర్ స్ప్రింగు ఒకవైపు వంగిపోయింది. వారం తర్వాత చంద్రగిరిలో మామ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే మాట: "గుండీ నొక్కి, తిప్పి, వదిలినావా?"

ఆ రకం గడియారాలు కరెంటు అందగానే తమంతట తాము నడవవు. బ్యాటరీ ఒకసారి తీసి పెడితే, ముల్లు సరిచేసే గుండీని నొక్కి తిప్పి వదలాలి. అప్పుడు లోపలి చక్రానికి చిన్న తోపు అందుతుంది, నడక మొదలవుతుంది. అంటే ఆ గడియారానికి జబ్బేమీ లేదు. నేను చేసిన వైద్యమే దాని జబ్బు.

ఆ రాత్రి నాకు ఎవరైనా ఈ మాటలు చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మొదటి గంట గడియారాన్ని విప్పకండి. ఒక తెల్ల గుడ్డ పరచి దాన్ని మధ్యలో పెట్టండి. ఫోనుతో ముందు, వెనక, పక్కలు ఫొటోలు తీయండి. ఒక కాగితం మీద కనబడిందల్లా రాయండి: డయలు మీది పేరు, అడుగున కంటికి ఆనని అక్షరాలు, వెనక రేకు మీద కొట్టిన అంకెలు, తీగలు తగిలించే చోట్లు ఎన్ని, వాటిలో దీపానిది ఏది. వెర్నియర్ ఉంటే డయలు కొలత కూడా తీయండి. ఇంగ్లీషు కార్ల చిన్న మీటర్లు 52 మిల్లీమీటర్ల రంధ్రానికి సరిపోయేవి. ఆ కొలత తేలితేనే గడియారం ఏ డాష్‌బోర్డు నుంచి వచ్చి ఉంటుందో సగం ఊహించవచ్చు.

ఆ తర్వాత వేసుకోవలసిన ప్రశ్న, ఈ గడియారానికి బలం ఎక్కడినుంచి వస్తోంది?

వెనక తీగలు తగిలించే చోటే లేకపోతే అది కీ ఇచ్చే రకం. మోటారు కార్ల తొలి రోజుల్లో ఇవే ఉండేవి. చాలావాటి డయలు మీద '8 డేస్' అని రాసి ఉంటుంది. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తాయని అర్థం. కీ కోసం తాళంచెవి వెతక్కండి. కొన్నిటికి అద్దం చుట్టూ ఉన్న రింగునే పట్టి తిప్పాలి. కొన్నిటికి డాష్‌బోర్డు కిందికి వేలాడే తీగ చివర గుండీ ఉంటుంది. లోపలి యంత్రం చాలాసార్లు స్విట్జర్లాండుది. అమెరికా కార్లలో వాల్థమ్ కంపెనీది దొరుకుతుంది. దాని యంత్రం మీది సీరియల్ నంబరును బట్టి ఏ కాలంలో తయారైందో పోల్చుకోవచ్చు.

తీగలు ఉంటే ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఎందుకంటే కరెంటు గడియారాలన్నీ ఒకటి కాదు. అమెరికా కార్లలో బోర్గ్ పేరుతో వచ్చినవీ, జర్మన్ కార్లలో కీంజ్లె పేరుతో వచ్చినవీ నిజానికి స్ప్రింగు గడియారాలే. ఆ స్ప్రింగుకు కీ ఇచ్చే పని మాత్రం కరెంటుది. స్ప్రింగు వదులైనప్పుడు లోపల రెండు పాయింట్లు ఒకదాన్నొకటి తాకుతాయి, కాయిలు ఒక్క ఉదుటున చేతిని వెనక్కి విసురుతుంది, స్ప్రింగు మళ్ళీ బిగుసుకుంటుంది. ఒకటి రెండు నిమిషాలకోసారి 'టక్' మని వినబడేది ఆ చప్పుడే. ఆపేసిన కారులో రాత్రిపూట కూర్చుంటే అది స్పష్టంగా వినిపిస్తుంది. స్మిత్స్ వారి కరెంటు గడియారాల్లో చాలావాటి పద్ధతి వేరు. అక్కడ బ్యాలెన్సు చక్రమే ఊగుతూ పాయింటును తాకి, ప్రతి ఊపుకూ కాస్త కాస్త కరెంటు తీసుకుంటుంది. తర్వాతి కాలంలో ఆ పాయింటు చోటును ట్రాన్సిస్టరు ఆక్రమించింది. 1970ల చివరికి క్వార్ట్జ్ వచ్చింది. దాని కథ తేలిక, ఇక్కడ ఆగను.

డయలు మీది పేరు చూసి మోసపోకండి. అక్కడ కొన్నిసార్లు కారు పేరు ఉంటుంది, కొన్నిసార్లు గడియారం చేసినవారి పేరు, కొన్నిసార్లు రెండూ ఉండవు. జేగర్ అని ఉన్న ఇంగ్లీషు గడియారం కూడా స్మిత్స్ సంస్థ గూటిలోనిదే. లండన్‌లో 1851లో గడియారాల అంగడిగా మొదలైన సంస్థ అది. తర్వాత ఇంగ్లీషు కార్లకు స్పీడోమీటర్లు, గడియారాలు ఒక్క చేతి మీదుగా అందించింది. డయలు అడుగున 'సీఈ' అన్న రెండు అక్షరాలతో మొదలయ్యే నంబరు కనిపిస్తే, అది స్మిత్స్ వారి కరెంటు గడియారమని నిశ్చయంగా అనుకోవచ్చు.

మన వైపు దొరికేవాటిలో నా చేతికి ఎక్కువగా వచ్చినవి స్మిత్సే. అందులో వింతేమీ లేదు. ఉత్తర్‌పారాలో 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి. మద్రాసు శివార్లలోని వండలూరు ఫ్యాక్టరీ నుంచి 1961లో రోడ్డెక్కిన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఇంగ్లీషు కారే. చిత్తూరు నుంచి మద్రాసు ఒక పూట ప్రయాణం. అక్కడ విప్పిన కార్ల సామాన్లు పుదుపేటకు చేరితే, పుదుపేటవి మన ఊళ్ళకు చేరాయి. చిత్తూరులో ఉన్నవాళ్ళకు మరోవైపు బెంగళూరు జేసీ రోడ్డు ఉంది. ఈ రెండు చోట్లా కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అంగడివాడు 'పనిచేస్తుంది' అంటే తీసుకోకండి, 'పనిచేయదు' అన్నా వదిలెయ్యకండి. డయలు, ముళ్ళు, అద్దం బాగున్నాయా అన్నదే చూడండి. యంత్రం బాగుచేయించుకోవచ్చు. గీరిపోయిన డయలు తిరిగి రాదు.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. మన బస్టాండుల దగ్గర 'రేడియం స్టిక్కర్లు' అని బోర్డు పెట్టిన అంగళ్ళు ఉంటాయి. చీకట్లో మెరిసేదల్లా మనకు రేడియమే. నిజానికి ఆ స్టిక్కర్లలో రేడియం ఉండదు. పాత గడియారాల అంకెల మీద మాత్రం అసలు రేడియమే ఉంటుంది. 1960ల ముందు చేసిన డయలు మీద, ముళ్ళ మీద పసుపు కలిసిన ఆకుపచ్చ రంగో, మాడినట్టున్న గోధుమ రంగో పూత కనబడితే అది రేడియమనే అనుకోండి. 'ఇప్పుడు మెరవడం లేదు కదా' అని ధైర్యపడకండి. మెరుపునిచ్చే జింక్ సల్ఫైడు అరిగిపోయింది, అంతే. రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. అమెరికాలో 1920లలో ఈ రంగు వేసే అమ్మాయిలు కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకుంటూ పనిచేసి, దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు.

అద్దం వెనక ఉన్నంతసేపూ భయం తక్కువ. దాన్ని గీకి పొడి చేసి పీల్చడమే అసలు అపాయం. కాబట్టి అలాంటి డయలును రుద్దకండి, కడగకండి, రంగు రాలుతుంటే అసలు విప్పనే వద్దు. పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లల గదిలో పెట్టకండి. నా దగ్గర అలాంటివి రెండున్నాయి. అద్దం తీయకుండానే ఉంచాను, అలాగే ఉంటాయి. నడవకపోయినా పరవాలేదు.

కరెంటు ఇవ్వబోయే ముందు అది ఎన్ని వోల్టులదో తేల్చుకోండి. అమెరికా కార్లలో ఎక్కువభాగం 1955, 56 దాకా 6 వోల్టులవే. ఆ గడియారానికి ఇవాళ్టి 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే కాయిలు మాడిపోతుంది. ఇంగ్లీషు కార్లలో ఇంకో తిరకాసు ఉంది. 1960ల నడిమి దాకా చాలావాటికి బ్యాటరీ ప్లస్సు వైపే బాడీకి ఎర్తు. మనకు అలవాటైనదానికి ఇది సరిగ్గా తలకిందులు. పాయింట్ల గడియారం దీన్ని పట్టించుకోకపోవచ్చు కానీ, ట్రాన్సిస్టరు ఉన్నదానికి తీగలు తారుమారైతే అది ఒక్క క్షణంలో పోతుంది. అందుకే వెనక రేకు మీది రాతలు ముందే రాసుకోమన్నాను.

కరకంబాడిలో 1985లో అమరరాజా మొదలైనప్పటి నుంచి మన వైపు బ్యాటరీ గుట్టు తెలిసిన కుర్రాళ్ళకు కొదవలేదు. మీకు మల్టీమీటరు పట్టడం రాకపోతే అలాంటి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు కరెంటు లేకుండా కాయిలు తెగిందో లేదో చూడండి. తెగకపోతే, మధ్యలో ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టి అప్పుడు బ్యాటరీ తగిలించండి. నడవకపోతే గుండీ నొక్కి, తిప్పి, వదలండి. ఆ తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వినండి.

బోర్గ్ రకంలో జబ్బు దాదాపు ఎప్పుడూ పాయింట్ల దగ్గరే. వాడకుండా పెట్టిన కారులో బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంది. స్ప్రింగు వదులై పాయింట్లు కలుస్తాయి కానీ, ఆ కాస్త కరెంటుతో కాయిలుకు చేతిని విసిరి వాటిని విడదీసే బలం ఉండదు. పాయింట్లు అతుక్కునే ఉండి కాలిపోతాయి. లోకంలో ఆగిపోయిన కారు గడియారాలు ఎన్నో ఇలా ఆగినవే. నల్లబడిన పాయింట్లను మెత్తని ఉప్పుకాగితం చిన్న ముక్కతో రెండుమూడు సార్లు తుడిస్తే చాలు, అరగదీయకూడదు. కీంజ్లెలో తయారీవాళ్ళే ముందుచూపుతో ఒక రక్షణ పెట్టారు. వేడెక్కగానే కరిగి విడిపోయే సోల్డరు అతుకు అది. అది ఊడి ఉంటే మామూలు సోల్డరుతో అతికించకండి. తక్కువ వేడికే కరిగే రకమే వాడాలి. లేకపోతే ఈసారి కరగాల్సింది కరగక, కాయిలు మాడుతుంది.

లోపలి యంత్రం శుభ్రం చేయడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటిసారి మీరు చేయకండి. చేసేవాళ్ళ పక్కన కూర్చుని చూడండి. హెచ్.ఎం.టి. వారు జపాన్ సిటిజెన్‌తో కలిసి 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టాక, దక్షిణాదిలో ప్రతి తాలూకా ఊళ్ళోనూ వాటిని విప్పి కూర్చగల మనుషులు తయారయ్యారు. 2016లో ఆ వాచీల సంస్థ మూతపడింది. చేతులు మాత్రం ఇంకా ఉన్నాయి. వాళ్ళ కొడుకులు సెల్‌ఫోన్ల రిపేరుకు మళ్ళారు. కాబట్టి ఆలస్యం చేయకండి. తిరుపతి గాంధీ రోడ్డు వైపు ఒక సందులో నాకు దొరికిన పెద్దాయన, నేను వంచిన హెయిర్ స్ప్రింగును భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎందుకు ఆగిపోయిందో చూసి ఇప్పినావా నాయనా, చూడకనే ఇప్పినావా?"

"చూడలేదు పెద్దాయనా."

"ఆ మాట చెప్పినావు, సంతోషం. జాస్తి మంది తెచ్చేటప్పుడు 'అట్లే ఉండాది, నేను చెయ్యి పెట్టలా' అంటారు. అప్పుడు నాకు యాడ మొదలుపెట్టాల్నో తెలీదు."

రెండు శ్రావణాలు పట్టుకుని, ఒక చుట్ట దగ్గర పట్టి, ఇంకో చుట్టను వెంట్రుకవాసి తోసి, ఆగి, ఊపిరి వదిలి, మళ్ళీ తోశాడు. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ నేను ఊపిరి గట్టిగా తీయలేదు. ఎవరి దగ్గరికి గడియారం తీసుకెళ్ళినా, మీ చెయ్యి ఎక్కడెక్కడ పడిందో దాచకుండా చెప్పండి. ఆయన గంట శ్రమ తగ్గుతుంది.

ఆయన దగ్గర నేర్చుకున్నవి మరికొన్ని. కీ ఇచ్చే గడియారమైతే ముందు స్ప్రింగు బిగువంతా మెల్లగా వదిలించాలి. లేకపోతే పళ్ళ చక్రాలు విరుగుతాయి, వేళ్ళు కూడా తెగుతాయి. చక్రాలను కడిగేటప్పుడు లివరు ముక్కను స్పిరిటులో నానబెట్టకూడదు. దాని కొసన ఉన్న రాళ్ళను అతికించింది లక్కతో. మన ఆడవాళ్ళ గాజుల్లోని లక్కే, శుద్ధిచేసినది. స్పిరిటులో అది కరిగి రాళ్ళు జారిపోతాయి. ఇరుసు రంధ్రాల్లో పేరుకున్న జిడ్డును వెదురు పుల్ల మొన చెక్కి తిప్పితే వస్తుంది. మన ఎండలకు మూసి ఉన్న కారు డాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి పాత నూనె బంకగా మారుతుంది. ఆగిన గడియారాల్లో సగం ఆ బంకలో చిక్కుకున్నవే.

నూనె దగ్గర పొదుపు చూడకండి. గడియారాల నూనె చిన్న సీసా కొనుక్కోండి, ఏళ్ళ తరబడి వస్తుంది. కొబ్బరినూనె ధనుర్మాసం ఉదయాల్లో గడ్డకడుతుంది, 24 డిగ్రీలు చాలు దానికి. కుట్టుమిషను నూనె పాకిపోయి ఉండాల్సిన చోట ఉండదు. సూది మొనకు అంటినంత బొట్టు, ఇరుసు దగ్గర మాత్రమే. పళ్ళకు నూనె వద్దు, హెయిర్ స్ప్రింగుకు అసలే వద్దు. చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటే గడియారం గంటకు నిమిషాల చొప్పున ముందుకు పరుగెడుతుంది.

ముందు రింగును ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతో తోముదామనిపిస్తుంది. అది ఇత్తడే, కానీ పైన నికెలో క్రోమో పూత ఉంటుంది. పులుపుకు పూత లేచిపోతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేయండి. డయలు మీదికి గాలి ఊదడం తప్ప ఏమీ చేయకండి. పసుపెక్కిన డయలుకు కొత్త రంగు వేయించేవాళ్ళున్నారు. నాకు నచ్చదు. కేంద్ర ప్రభుత్వం 2021లో 50 ఏళ్ళు దాటిన వాహనాలకు 'వీఏ' అక్షరాలతో వేరే రిజిస్ట్రేషను తెచ్చినప్పుడు, బండి పుట్టినప్పటి రూపంలో ఉండాలన్న షరతు పెట్టింది. చట్టం చూసేది ఛాసిస్‌నూ బాడీనీ ఇంజన్నూ. ఆ బండిలో కూర్చున్నవాడు చూసేది డయలును.

పాత యంత్రం తీసేసి లోపల క్వార్ట్జ్ పెట్టించుకోవడం తప్పా అని అడుగుతారు. రోజూ కొండెక్కే టాక్సీకైతే తప్పు కాదు. తీసిన యంత్రాన్ని మాత్రం పారేయకుండా, డబ్బాలో పెట్టి, ఏ కారుదో ఏ తేదీన తీశారో రాసి పెట్టండి.

అన్నీ కూర్చాక టైము సరిపోకపోతే కంగారు వద్దు. వెనకో ముందో చిన్న గీతల మధ్య తిరిగే ముల్లో స్క్రూనో ఉంటుంది. ఒకసారికి ఒక గీత కదిపి మూడు రోజులు ఆగి చూడండి. కొన్ని అమెరికా గడియారాలు మీరు ముల్లు ముందుకు తిప్పితే తమ నడకను తామే కొంచెం వేగం చేసుకుంటాయి. వాటిని ఊరికే తిప్పుతూ ఉంటే ఎప్పటికీ కుదురుకోవు. వారానికి రెండు మూడు నిమిషాలు తేడా వస్తే కారు గడియారానికి అది బాగా నడిచినట్టే.

మామ గడియారం నడవడానికి మొత్తం పది నెలలు పట్టింది. అంబాసిడర్ ఎప్పుడో పోయింది కాబట్టి, వేపచెక్క పెట్టె చేయించి అందులో బిగించి, 12 వోల్టుల అడాప్టరు తగిలించి చంద్రగిరి తీసుకెళ్ళాను. మంచం పక్క గూట్లో పెట్టి స్విచ్చి వేశాను. కదల్లేదు. మామ నావైపు చూడకుండానే చెయ్యి చాపి, గుండీ నొక్కి, తిప్పి, వదిలాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బస్సుకు వేళైందని లేచాను. ఆయన దిండు మీద తల అటు తిప్పి డయలు వైపు చూశాడు.

"కూచో. ఇంకా నాలుగు నిమిషాలుండాది."